కాగితం లేని చాకిరీ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒక మిత్రురాలు రెండు పెద్ద సంచులు దింపుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. ఊరినుంచి మామిడికాయలు తెచ్చిందేమో అనుకున్నాను. విప్పితే అన్నీ కాగితాలే! పదేళ్ళ ఉద్యోగం ఆ రెండు సంచుల్లో ఉంది. "అక్కా, ప్రమోషన్ ఫైలు పెట్టాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడంలేదు" అంది.

పదేళ్ళుగా ఆమె చేరిన మెట్టు మీదే ఉంది. పిహెచ్.డి. పూర్తిచేసి చేరింది కనక నిబంధనల ప్రకారం నాలుగేళ్ళకే అసిస్టెంట్ ప్రొఫెసర్లలో ఒక మెట్టు పైకి వెళ్ళాలి. ఆ తర్వాత అయిదేళ్ళకి ఇంకొకటి, మరో మూడేళ్ళకి అసోసియేట్ ప్రొఫెసర్. ఆమెతో పాటు అదే రోజున చేరిన ఇద్దరు మగవాళ్ళు రెండు మెట్లు ఎక్కి మూడోదానికి సిద్ధమవుతున్నారు. నువ్వెందుకు దరఖాస్తు పెట్టలేదని అడిగాను. "నాలుగో ఏడు బాబు పుట్టాడు కదక్కా. ఆరునెలలు సెలవులో ఉన్నాను. క్లాసులు తక్కువయ్యాయి కాబట్టి పెట్టినా రాదు, ఆగమన్నారు" అంది. ఎవరన్నారు? ఆఫీసులో అన్నారు, స్టాఫ్ రూములో అన్నారు. కాగితం మీద మాత్రం ఎవరూ అనలేదు.

నిజానికి కాగితం మీద ఉన్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. యు.జి.సి. 2018 జూలైలో ఇచ్చిన నిబంధనల్లో అధ్యాపకుల పనితీరును లెక్కగట్టే పట్టిక ఒకటి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు, చదువు కోసం తీసుకున్న సెలవు, జబ్బుచేసి పెట్టిన సెలవు... ఇవన్నీ ముందుగా అనుమతి తీసుకుని వాడుకున్నవైతే ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. మిగిలిన కాలంలో ఆమె ఎలా పనిచేసిందో చూసి, దాన్నే మొత్తం కాలానికీ వర్తింపజేయాలి. ఆ సెలవుల కారణంగా ప్రమోషన్లో ఆమెకి ఎలాంటి నష్టమూ కలగకూడదు. ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉన్న మాట ఆమె దాకా చేరనేలేదు. ఆరేళ్ళ ఇంక్రిమెంట్ల తేడా, దానితో పాటు సీనియారిటీ, ఒక గమనిక చదవని కారణంగా పోయాయి. చదవనిది ఆమె ఒక్కతే కాదు. చదివి చెప్పవలసిన ఆఫీసు కూడా చదవలేదు.

ఈ విషయం మీద సంపాదకీయం రాస్తానంటే మా సంపాదకవర్గ సమావేశంలో పెద్ద గొడవే అయింది. "ఆశా వర్కర్ల జీతాలు, అంగన్‌వాడీ టీచర్ల పెన్షన్, బీడీలు చుట్టే వాళ్ళ పి.ఎఫ్. ఉండగా, లక్షరూపాయల జీతాలవాళ్ళ ప్రమోషన్ల సంగతి మనకెందుకు?" అని ఒక సహచరి నిలదీసింది. ఆమె ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. నేనూ రెండు రోజులు ఆలోచించాను. కానీ సంచుల్లోంచి తీసిన కాగితాలు ఒక్కొక్కటే నేలమీద పరుస్తూంటే నాకు అంగన్‌వాడీ రిజిస్టర్లే గుర్తొచ్చాయి. చేసే పనికీ, లెక్కకొచ్చే పనికీ మధ్య ఉండే అదే అగాధం! ఇక్కడ జీతం ఎక్కువ, కుర్చీ మెత్తన. అంతే తేడా.

ఏమేమున్నాయి ఆ సంచుల్లో? హాస్టల్ వార్డెన్‌గా ఉన్నప్పటి మెస్ లెక్కలు. అర్ధరాత్రి ఒక విద్యార్థినిని ఆసుపత్రిలో చేర్చినప్పటి చీటీలు. ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో మురికికాలవ పక్కన తీయించుకున్న ఫోటోలు. మహిళా దినోత్సవం కరపత్రాలు, ముఖ్య అతిథికి శాలువా కొన్న రసీదు. సమావేశాల మినిట్స్ ఆమె చేతిరాతలో ఉన్నాయి. ప్రతిసారీ ఆమే రాయాలి, ఎందుకంటే "మేడమ్ రాత ముత్యాల్లా ఉంటుంది"! లెక్కపెడితే పదేళ్ళలో పద్నాలుగు కమిటీల్లో పనిచేసింది. ఆర్డరు కాగితం ఉన్నవి నాలుగు. మిగిలిన పదీ "కొంచెం చూడండి మేడమ్, మీరైతే బాగా చేస్తారు" అన్న నోటిమాట మీద చేసినవి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. ఈ లెక్క తెలియక మన ఆడవాళ్ళు ఎంత నష్టపోతున్నారో చెప్పలేను. ఆ పట్టికలో రెండు అంశాలున్నాయి. ఒకటి క్లాసులు: కేటాయించిన వాటిలో 80 శాతం, ఆపైన తీసుకుంటే 'బాగుంది' అని వేస్తారు, 70కీ 80కీ మధ్యైతే 'సంతృప్తికరం'. రెండోది ఇతర కార్యకలాపాలు: శాఖాధిపతి, వార్డెన్ వంటి పరిపాలనా బాధ్యతలు, పరీక్షల పని, విద్యార్థుల సాంస్కృతిక కార్యక్రమాలు, ఎన్.ఎస్.ఎస్., సెమినార్ల నిర్వహణ, పరిశోధనా ప్రాజెక్టు, పిహెచ్.డి. విద్యార్థులకు మార్గదర్శనం, ఒక వ్యాసం ప్రచురణ... ఇలా ఒక జాబితా ఉంది. ఇందులో ఏ మూడింటిలో పాల్గొన్నా 'బాగుంది'. మూడు చేసినవాళ్ళకీ 'బాగుందే', పద్నాలుగు చేసినవాళ్ళకీ 'బాగుందే'! నాలుగో కమిటీ నుంచి ఆమె చేసినదంతా, ఆ పట్టిక దృష్టిలో, జరగనే లేదు.

పైమెట్లకి కావలసినవి వేరు. యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఏడు పరిశోధనా వ్యాసాలు, అందులో మూడు ఆ మదింపు కాలంలో వచ్చినవి కావాలి. పరిశోధనా స్కోరు 70 ఉండాలి. కనీసం ఒక పిహెచ్.డి. విద్యార్థికి మార్గదర్శనం చేసిన దాఖలా చూపాలి. ప్రొఫెసర్‌కి పది వ్యాసాలు, 110 స్కోరు. హాస్టల్లో పిల్లలకి జ్వరాలొచ్చినప్పుడు రాత్రంతా మేల్కొని ఉన్న మేడమ్‌కి, అదే రాత్రి ఇంట్లో తలుపేసుకుని వ్యాసం రాసుకున్న సారుకీ మధ్య తేడా ఇక్కడ తేలుతుంది. వార్డెన్ పని చిన్నదని నేననడంలేదు. అది జరగకపోతే యూనివర్సిటీ ఒక్కరోజు నడవదు. అందుకే ఆ పని ఎవరికి అప్పగిస్తున్నారు, ఎన్నేళ్ళకోసారి మారుస్తున్నారు, మగవాళ్ళకి ఏమేం అప్పగిస్తున్నారు అని మనం అడగాలంటాను.

వ్యాసాల విషయంలోనూ ఒక మడతపేచీ ఉంది. ఇద్దరు కలిసి రాస్తే ఇద్దరికీ స్కోరులో 70 శాతం చొప్పున వస్తుంది. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది రాస్తే మొదటి రచయితకి, లేదా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన ప్రధాన రచయితకి 70, మిగిలినవాళ్ళకి తలా 30. ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించింది, పట్టికలు వేసింది మా మిత్రురాలు. పేర్ల వరుసలో ఆమెది మూడోది. "సార్ పేరు ముందు పెట్టకపోతే బాగుండదు కదక్కా." బాగుండదు, నిజమే. కానీ ఆ బాగుండకపోవడం ఖరీదు ఎంతో ఇప్పుడు అంకెల్లో తెలిసింది. ఒక పుస్తకాన్ని అనువాదం చేస్తే 8 మార్కులు ఉన్నాయన్న సంగతి కూడా ఆమెకి అంతవరకూ తెలియదు. రెండు ఇంగ్లీషు పుస్తకాలు తెలుగులోకి తెచ్చి, అవి సొంత సరదా అనుకుని దరఖాస్తులో వేసుకోలేదు!

తెలుగులో రాసేవాళ్ళకి మరో తిప్పలు. గుర్తింపు పొందిన పత్రికల జాబితా అంటూ యు.జి.సి. 2019 నుంచి ఒకటి నడిపింది. 2025 ఫిబ్రవరిలో దాన్ని రద్దుచేసి, పత్రికల మంచిచెడ్డలు విద్యాసంస్థలే తేల్చుకోవాలంది. అంతకుముందు నెలలోనే, ఈ స్కోర్ల పద్ధతినే మార్చే ముసాయిదా ఒకటి విడుదల చేసింది. నిబంధనలు ఇలా మారుతున్నప్పుడల్లా డబ్బు తీసుకుని వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. తొందరలో ఉన్నవాళ్ళే వాటి వలలో పడతారు. ఆలస్యమైపోయిందని కంగారుపడేది ఎవరు? సెలవులో వెళ్ళి తిరిగొచ్చిన ఆడవాళ్ళే. అలాంటి వ్యాసం ఒకటి ఫైల్లో ఉంటే మంచివాటిని కూడా అనుమానంగా చూస్తారు. మా మిత్రురాలి ఫైల్లోంచి ఒకటి నేనే తీసిపారేశాను. ఆమెకి కోపం వచ్చింది, తర్వాత తగ్గింది.

సెలవు గమనిక గురించి ఇందాక సంతోషంగా చెప్పాను. అది సగం సంతోషమే. ఆ రక్షణ క్లాసులకి, కమిటీ పనులకి మాత్రమే. వ్యాసాల సంఖ్యకి అది వర్తించదు. పురిటిలో ఉన్నా, పిల్లాడికి అమ్మవారు పోసినా, అత్తగారు మంచాన పడినా, ఏడంటే ఏడే.

అమెరికాలో ఉన్న మన తెలుగు ఆడపిల్లల్లో కూడా అధ్యాపకులున్నారు కనక అక్కడి సంగతి ఒకటి చెప్తాను. అక్కడ ఆరేడేళ్ళలో 'టెన్యూర్' అనే శాశ్వత ఉద్యోగం సంపాదించుకోవాలి, లేదా ఆ సంస్థ వదిలి వెళ్ళాలి. పిల్లలు పుడితే ఆ గడువును ఒక ఏడాది పెంచే ఏర్పాటు చాలాచోట్ల వచ్చింది. సమానత్వం పేరుతో దాన్ని తల్లికీ తండ్రికీ ఒకేలా ఇచ్చారు. ఆంటెకోల్, బెడార్డ్, స్టెర్న్స్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు అక్కడి మేటి ఆర్థికశాస్త్ర శాఖల వివరాలు పరిశీలించి 2018లో ప్రచురించారు. ఏం తేలిందంటే, ఆ ఏర్పాటు వచ్చాక మగవాళ్ళకి టెన్యూర్ వచ్చే అవకాశం పెరిగింది, ఆడవాళ్ళకి తగ్గింది! ఆ అదనపు కాలంలో మగవాళ్ళు పెద్ద పత్రికల్లో వ్యాసాలు పెంచుకున్నారు. తల్లులు ఏం చేస్తూ ఉంటారో మీకు వేరే చెప్పాలా? గడువు పెంచినంత మాత్రాన ఇంటి చాకిరీ పంపకం మారదు.

ఇక నా సంగతి. 1993లో నేను ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు బల్లకి అవతల ఆరుగురు మగవాళ్ళు కూర్చున్నారు. నా పరిశోధన గురించి అడిగింది రెండు ప్రశ్నలు. "మీవారి ఉద్యోగం ఎక్కడ? బదిలీ అయితే మీరూ వెళ్ళిపోతారా?" అన్నది మూడోది. నాలుగోది పిల్లల గురించి. ఫలితం మూడు నెలల తర్వాత తెలిసింది, అదీ క్యాంటీన్‌లో. ఎందుకు కాదన్నారో ఈనాటికీ నాకు రాతపూర్వకంగా తెలియదు. అడగాలని కూడా తోచలేదు. ఆ వయసులో అవమానం అడగనివ్వదు.

ఇప్పుడు అడగడానికి దారులున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఉద్యోగి రహస్య నివేదికలో ఏ వ్యాఖ్య రాసినా, అది మంచిదైనా చెడ్డదైనా, ఆ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. 2018 నిబంధనల ప్రకారం అర్హత తేదీకి మూడు నెలల ముందునుంచే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. సమయానికి పెట్టుకుని నెగ్గితే అర్హత వచ్చిన తేదీనుంచే ప్రమోషన్. కాదంటే మళ్ళీ ఏడాది తర్వాతే మదింపు. అభ్యర్థుల్లో మహిళలుగానీ, ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ, వికలాంగ వర్గాలవాళ్ళుగానీ ఉండి, సెలక్షన్ కమిటీలో ఆ వర్గం వారెవరూ లేకపోతే వైస్ చాన్సలర్ అలాంటి ఒకరిని నియమించాలి. అయితే ఒక దళిత స్త్రీ వెళ్ళినప్పుడు ఏమవుతుంది? ఒక అగ్రవర్ణ స్త్రీని, ఒక దళిత పురుషుణ్ణి కూర్చోబెట్టి నియమం పూర్తయిందంటారు. ఆమెలాంటివాళ్ళు మాత్రం ఆ బల్లకి అవతల ఒక్కరూ ఉండరు. దీన్ని గురించి దళిత మహిళా అధ్యాపకులు చెప్పే అనుభవాలు విడిగా ఒక సంచికలో రావలసినవి.

మా సహచరి వేసిన ప్రశ్నకి మళ్ళీ వస్తాను: మనకెందుకు? మన పాఠకుల్లో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్నారు. మీలో కొందరు కాలేజీల్లో, యూనివర్సిటీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యులుగా ఉన్నారు. 1997లో విశాఖ తీర్పుతో మొదలై 2013 చట్టం దాకా మనం కొట్లాడి తెచ్చుకున్న కుర్చీ అది. విచారణ ఎలా చెయ్యాలో మనకి అలవాటైంది. కానీ ఫిర్యాదు చేసిన అధ్యాపకురాలి ప్రమోషన్ ఫైలు ఆ సమయంలో ఎవరి బల్లమీద ఉందో మనం అడుగుతున్నామా? ఎవరిమీద ఫిర్యాదు వచ్చిందో ఆ మనిషే శాఖాధిపతి అయితే ఆమె నివేదికమీద సంతకం చేసేదీ ఆయనే. శిక్ష వెయ్యక్కర్లేదు, ఫైలు కదలకుండా ఒక ఏడాది సొరుగులో పెడితే చాలు.

దీనికి విరుగుడు నిబంధనల్లోనే ఉంది. విచారణ సాగుతున్నంతకాలం ఆ వ్యక్తి ఆమె పనితీరును మదింపు చేయకుండా, రహస్య నివేదిక రాయకుండా ఆపమని సిఫారసు చేసే అధికారం కమిటీకి 2013 నియమాల్లో ఇచ్చారు, యు.జి.సి. 2015 నిబంధనల్లోనూ ఇచ్చారు. ఫిర్యాదుదారు రాతపూర్వకంగా అడగాలి. అడగొచ్చని ఆమెకి చెప్పవలసింది మనమే. బయటినుంచి వెళ్ళిన సభ్యురాలికి ఆ సంస్థలో ప్రమోషన్ భయం లేదు కదా! లోపలివాళ్ళు నోరు మెదపలేనిచోట ఆమె మాట్లాడగలదు. మొదటి సమావేశంలోనే ఈ ప్రశ్న వేయడం అలవాటు చేసుకుందాం.

ఇంకో మాట. దేశంలో ఉన్నతవిద్యలో పనిచేసే అధ్యాపకుల్లో 2021-22 నాటికి 43 శాతం మంది స్త్రీలని ప్రభుత్వ సర్వే చెప్పింది. వినడానికి బాగానే ఉంది. మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో పాఠాలు చెప్తున్న ఆడవాళ్ళలో కాంట్రాక్టు, గెస్టు పద్ధతిలో ఏళ్ళతరబడి పనిచేస్తున్నవాళ్ళకి ఈ మెట్లే లేవు. పిహెచ్.డి. ఉంటుంది, వ్యాసాలుంటాయి, పీరియడ్ లెక్కన డబ్బులుంటాయి. పురుడొస్తే ఉద్యోగం ఉంటుందా అన్నది హెడ్ దయ. వాళ్ళకి కనీసం ఇది తెలియాలి: ఒప్పందం గడువు మధ్యలో ముగిసిపోయినా ప్రసూతి ప్రయోజనం పూర్తి కాలానికీ ఇవ్వాల్సిందేనని డాక్టర్ కవితా యాదవ్ కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి సంచిలో ఉంచుకోవాలి. ప్రమోషన్ గురించి మాట్లాడుకునే సంఘాలు ఈ ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోకపోతే మా సహచరి కోపమే న్యాయమైనది.

ఆ ఆదివారం తర్వాత మేం మూడు వారాలు కూర్చున్నాం. మొదట పెద్ద తెల్లకాగితం మీద ఏడాదికొక గడి గీశాం. ప్రతి గడిలోనూ ఆ ఏడాది తీసుకున్న క్లాసులు, సెలవు మంజూరు పత్రం నంబరు, ఏవైనా మూడు పనులు, వాటి ఆర్డర్లు. ఆర్డరు లేనిచోట అప్పటి శాఖాధిపతులకి ఉత్తరాలు రాశాం, 'ఫలానా ఏడాది నేను ఫలానా పని చేసినట్టు ధ్రువీకరించగలరు' అని. ఇద్దరు రిటైరైనవాళ్ళు వెంటనే రాసిచ్చారు. ఒకాయన "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. రెండోసారి నేను వెంట వెళ్తే ఇచ్చాడు. ఇకమీదట ఎవరైనా నోటిమాటగా పని చెప్తే ఆ సాయంత్రమే రెండు వాక్యాల ఉత్తరం పెట్టాలని ఒట్టు వేయించుకున్నాను: 'ఈరోజు మీరు నాకీ పని అప్పగించారు, దయచేసి ప్రొసీడింగ్స్ ఇప్పించండి.' మొదటి ఉత్తరానికే ఒక కమిటీ ఆమె నెత్తిమీంచి దిగి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిందట. ఫోన్ చేసి పగలబడి నవ్వింది.

ఫైలు ముందు పేజీ వెనకే సెలవు గమనిక ఉన్న పేజీ జిరాక్స్ తీసి కుట్టాం, ఆ వాక్యాల కింద ఎర్రగీత గీసి. గుమస్తా తీసుకోనన్నాడు. "హెడ్‌గారి సంతకం లేదు మేడమ్, ఆయనొచ్చాక ఇవ్వండి" అన్నాడు. అందినట్టు ముద్ర వేసి ఇమ్మని, సంతకం లేదన్న సంగతి పక్కన రాయమని ఆమె నిలబడింది. నలభై నిమిషాలు నిలబడిందట. ముద్ర పడింది, ఇన్‌వార్డు నంబరు వచ్చింది. ఆ నంబరు వేసి రిజిస్ట్రార్‌కి ఒక ప్రతి పోస్టులో పంపాం. ఇది రాస్తున్న రోజుకి జవాబు రాలేదు. వచ్చే సంచికలో చెప్తాను.

ఈలోగా, ప్రతినెలా రెండో శనివారం మధ్యాహ్నం మన ఆఫీసులో కాగితాలు సర్దుకోవడానికి కూర్చుంటున్నాం. రెగ్యులర్, కాంట్రాక్టు, గెస్టు, ఎవరైనా రావచ్చు. సర్వీసు రిజిస్టరు నకలు, సెలవు మంజూరు పత్రాలు, అచ్చయిన వ్యాసాలు తెచ్చుకోండి. పిల్లల్ని తీసుకురండి, చూసుకునేవాళ్ళుంటారు. ఫిర్యాదుల కమిటీల్లో ఉన్న మిత్రులు ఒక గంట ముందుగా వస్తే మంచిది.